హాఫ్-లైఫ్: అలిక్స్ – ఇన్నేళ్లు ఆడాక నా మాట

ముందే చెప్పేస్తాను. నేను ఆడిన కంప్యూటర్ ఆటలన్నిటిలోకీ హాఫ్-లైఫ్: అలిక్స్ గొప్పది. దాన్ని వీఆర్‌లో, అంటే కళ్లకు హెడ్‌సెట్ కట్టుకుని ఆడే వర్చువల్ రియాలిటీలో మాత్రమే తెచ్చారని మండిపడేవాళ్ల కోపమూ న్యాయమైనదే. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయని బరంపురంలో నా స్నేహితులు ఇప్పటికీ వాదనకు దిగుతారు. హెడ్‌సెట్ కొని ఏళ్లు గడిచాయి, ఆటను మొదటి నుంచి చివరి దాకా ఎన్నోసార్లు ఆడాను. ఇప్పుడు తీరిగ్గా రాయొచ్చు.

ముందు కోపం సంగతి. మొదటి హాఫ్-లైఫ్ 1998లో వచ్చింది. మా ఊళ్లో చాలామందికి అది కౌంటర్-స్ట్రైక్ ద్వారానే తెలుసు. హాఫ్-లైఫ్ మీద కొందరు కుర్రాళ్లు కట్టిన మాడ్‌గా, అంటే ఉన్న ఆటను మార్చి చేసిన ఆటగా, మొదలైంది కదా అది. నెట్ సెంటర్లో గంట లెక్కన డబ్బులు కట్టి ఆడేవాళ్లం. ఒకవైపు ఒడియా కుర్రాళ్లు, ఇంకోవైపు తెలుగు కుర్రాళ్లు, అరుపులు మాత్రం రెండు భాషల్లోనూ. జట్టు కుదరని రోజు అదే కంప్యూటర్లో ఉన్న హాఫ్-లైఫ్ తెరిచేవాళ్లం. మొదట్లో ట్రామ్ ఎక్కి బ్లాక్ మీసా అనే పరిశోధన కేంద్రం లోపలికి వెళ్తుంటాం. కాల్చడానికి ఏమీ ఉండదు, చూడటమే. అయినా వెనక నిలబడ్డవాళ్లు కూడా కదిలేవారు కాదు. 2004లో రెండో ఆట వచ్చింది, 2006, 2007లో రెండు ఎపిసోడ్లు వచ్చాయి. రెండో ఎపిసోడ్ చివర్లో హీరోకు తోడుగా పోరాడే అమ్మాయి అలిక్స్ కళ్లముందే ఆమె తండ్రి చనిపోతాడు. కథ అక్కడే ఆగిపోయింది. తర్వాత పన్నెండేళ్లకు పైగా ఏ కబురూ లేదు.

2019 నవంబరులో కొత్త ఆట ప్రకటించారు, 2020 మార్చి 23న విడుదల చేశారు. ఇంకో రెండు రోజులకు దేశమంతా లాక్‌డౌన్. అంతకుముందు జనవరి నుంచి పాత హాఫ్-లైఫ్‌లన్నీ స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ఉచితంగా ఆడనిచ్చారు కాబట్టి కథంతా మళ్లీ తాజాగా మనసులో ఉంది. అందరూ ఇళ్లలోనే ఉన్నారు, ఆట వచ్చింది, హెడ్‌సెట్ మాత్రం లేదు. ఆట తీసిన కంపెనీ వాల్వ్ సొంత హెడ్‌సెట్ ఇండెక్స్ పూర్తి సెట్టు ధర అప్పట్లో 999 డాలర్లు. దానికి తగిన కంప్యూటర్ వేరే. ఇచ్ఛాపురంలో ఉండే మా బావ ఆ రోజుల్లో ఫోన్ చేసి, "ఇన్నేళ్లు ఆగాం బావా. ఇప్పుడు లక్ష రూపాయల డబ్బా కళ్లకు కట్టుకున్నోడికే కథ చెప్తారా?" అన్నాడు. ఆ మాటను నేను ఇప్పటికీ కొట్టిపారేయను. మామూలు కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతివాడూ ఆడిన సిరీస్ ఇది. దాని తలుపు ఒక్కసారిగా ఇరుకైపోయింది.

మిగతా ఫిర్యాదుల్లో కొన్ని నాకు అంత బరువైనవిగా అనిపించవు. ఇది మూడో భాగం కాదని, రెండో ఆటకు ఐదేళ్ల ముందటి కథ అని కొందరు పెదవి విరిచారు. చివరి దాకా ఆడితే ఆ బెంగ పోతుంది. ఎందుకో చెబితే ఆడబోయేవాళ్లకు అన్యాయం చేసినట్టే. అలిక్స్‌కు మర్లీ డాండ్రిడ్జ్ గొంతు లేదని ఇంకొందరు బాధపడ్డారు. కొత్త గొంతు ఒజియోమా అకాఘాది, చిన్న వయసు అలిక్స్‌కు బాగా సరిపోయింది. అయితే తుపాకులు మూడే ఉండటం, శత్రువులు పాత ఆటల్లోలా గుంపులుగా మీదపడకపోవడం, వాహనాలు లేకపోవడం నిజమైన లోటు. మల్టీటూల్ అనే చేతి పరికరంతో తాళాలు తెరిచే పజిళ్లు కూడా సగం ఆటకే విసుగొస్తాయి. ఇవన్నీ తెలిసీ ఇన్నిసార్లు ఆడానంటే, దానికి కారణం చేతులు.

ఉదాహరణకు పిస్టల్ రీలోడ్ చూడండి. మామూలు ఆటలో ఒక బటన్ నొక్కితే పని అయిపోతుంది. ఇక్కడ ఖాళీ మ్యాగజైన్ కింద పడేయాలి, రెండో చేతిని భుజం మీదుగా వెనక్కి పోనిచ్చి సంచిలోంచి కొత్తది తీయాలి, తుపాకీలోకి తోయాలి, పైన స్లైడ్ లాగాలి. ఎదురుగా హెడ్‌క్రాబ్ అనే, తలకు అతుక్కునే జీవి దూకడానికి వంగుతుంటే ఆ టెన్షన్‌లో మ్యాగజైన్ జారి నేల మీద పడుతుంది. కొన్ని వారాలు ఆడాక చేతులకు అలవాటవుతుంది. చూడకుండానే మార్చేస్తాం. అది మన చేతికొచ్చిన పని, ఆటలో పాత్రకు పెరిగిన పాయింట్లు కావు. గ్రావిటీ గ్లవ్స్‌తో దూరాన ఉన్న వస్తువును గురిచూసి మణికట్టు విదిలిస్తే అది గాల్లో తేలుతూ చేతిలోకి వస్తుంది. ప్లస్ టూ చదివే మా మేనల్లుడికి హెడ్‌సెట్ పెడితే వాడు కథ జోలికే పోలేదు. మొదట్లో ఒక అద్దాల గది ఉంటుంది, అక్కడ మార్కర్ తీసుకుని అద్దం మీద నిజంగానే రాయొచ్చు. వాడు తన పేరు ఒడియాలో రాశాడు, పక్కన వాళ్లమ్మ పేరు తెలుగులో రాశాడు, తుడిచి మళ్లీ రాశాడు. అరగంట అక్కడే ఉన్నాడు.

ఈ ఆట వీఆర్‌లోనే ఎందుకుండాలని అడిగేవాళ్లకు నేను జెఫ్ అనే వికృత జీవి ఉండే అధ్యాయం చూపిస్తాను. జెఫ్‌కు కళ్లు లేవు, చప్పుడు వింటే చాలు మీదికొస్తాడు. కాల్చి లాభం లేదు. పాడుబడ్డ సారా ఫ్యాక్టరీలో వాడు తిరుగుతుంటే మనం పక్కనుంచి వెళ్లాలి. గాల్లో బూజు ధూళి ఉంటుంది, అలిక్స్‌కు దగ్గొస్తుంది. చేతిని నిజంగా మన నోటి దగ్గర పెట్టుకుంటే దగ్గు ఆగుతుంది. ఒక చెయ్యి నోటి మీద ఉంది, రెండో చేత్తో అల్మారా తలుపు తెరిస్తే లోపల ఆనించిన సీసా దొర్లుకుంటూ బయటికొచ్చింది. పట్టుకోవాలంటే నోటి మీది చెయ్యి తీయాలి. ఆ క్షణంలో నేను గదిలో ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. హెడ్‌సెట్‌కు నా ఊపిరి తెలియదు, అయినా బిగబట్టాను. ఎన్నిసార్లు ఆడినా ఆ చోట అంతే.

మా బావ 2023లో వచ్చిన మాడ్‌తో హెడ్‌సెట్ లేకుండా లాప్‌టాప్‌లో ఆట పూర్తిచేశాడు. వీఆర్ అభిమానులు కొందరు ఆ మాడ్‌ను చిన్నచూపు చూస్తారు, నాకది నచ్చదు. సీసా పట్టుకోవడం అక్కడ ఒక కీ నొక్కడమే, జెఫ్ దగ్గర సగం భయం పోతుంది. ఆ మాట అతనూ ఒప్పుకున్నాడు. కానీ ముగింపు చూసిన రాత్రి వెంటనే ఫోన్ చేశాడు. ఇద్దరం గంటసేపు మాట్లాడుకున్నాం. అలా ఆడేందుకు దారి వాల్వే పెట్టి ఉంటే ఇంతమంది మనసు కష్టపడేది కాదు.

ఇక మన ఊళ్ల సంగతి. గోపాల్‌పూర్ నుంచి వచ్చే సముద్రపు గాలి సాయంత్రం హాయిగా ఉంటుంది కానీ ఆ తేమకు అరగంటలో హెడ్‌సెట్ లెన్సులు మసకబారతాయి, ముఖం మీది స్పాంజ్ తడిసిపోతుంది. ఫ్యాన్ కావాలి, కానీ భుజం వెనక్కి, తల పైకి చేతులు పోయే ఆట ఇది. కప్పు ఎత్తు తక్కువైన గదిలో సీలింగ్ ఫ్యాన్ ప్రమాదం. దాన్ని ఆపేసి, మూలన టేబుల్ ఫ్యాన్ పెట్టుకోండి. గాలి ఎటు నుంచి వస్తోందో తెలుస్తుంటుంది కాబట్టి గదిలో ఎటు తిరిగి ఉన్నామో కూడా తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కాలబైశాఖి గాలివాన వచ్చిందంటే కరెంటు పోతుంది. కంప్యూటర్ ఆగగానే కళ్లముందు ప్రపంచం మాయమై తల గిర్రున తిరుగుతుంది. యూపీఎస్ తప్పనిసరి.

వికారం అందరికీ ఒకేలా ఉండదు. ఆటలో నడకకు రకరకాల పద్ధతులున్నాయి. కంట్రోలర్ పుల్లతో సాఫీగా నడిచే పద్ధతి చూడటానికి సహజంగా ఉంటుంది కానీ కొత్తవాళ్ల కడుపు తిప్పేది అదే. చోటు గురిచూసి అక్కడికి మారే పద్ధతితో మొదలుపెట్టండి, కూర్చునైనా ఆడొచ్చు. గదిలో రెండు మీటర్లకు ఒకటిన్నర మీటరు ఖాళీ ఉంటే చక్కగా సరిపోతుంది. మంచం జరిపితే మన ఇళ్లలో దొరుకుతుంది.

కొనాలా అంటే, కంప్యూటర్ ఎలాగూ ఉన్నవాళ్లు కొనొచ్చు. కనీసం 12 జీబీ ర్యామ్, 6 జీబీ గ్రాఫిక్స్ మెమరీ ఉండాలి. జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డుతోనూ నడుస్తుంది. హెడ్‌సెట్ కొత్తదే కానక్కర్లేదు. పాతది కొంటుంటే తెల్లటి తెర పెట్టించి లెన్సులోంచి చూడండి, పసుపు మచ్చలుంటే వదిలేయండి. ఎండ లెన్సు మీద పడితే లోపలి తెర కాలిపోతుంది, ఆ మచ్చ మళ్లీ పోదు. మేడ మీద, కిటికీ పక్కన ఎప్పుడూ పెట్టొద్దు. వీలైతే కార్తీకం తర్వాత మొదలుపెట్టండి, శివరాత్రి లోపు చెమట బాధ లేకుండా పూర్తవుతుంది.