‘లక్ష వ్యూస్’ అంకె చూసి వెబ్‌సైట్ యాడ్‌కి డబ్బు కట్టకండి: నెల్లూరు, ఒంగోలు షాపుల వాళ్లకు హెచ్చరిక

లోకల్ న్యూస్ వెబ్‌సైట్ తరఫున యాడ్స్ కోసం ఒకాయన నెల్లూరులో షాపు షాపుకీ తిరుగుతున్నాడు. ఒంగోలులో కూడా అడుగుతున్నారని తెలిసింది. పేరు రాయడం లేదు, పద్ధతి చెబుతాను, గుర్తుపట్టండి.

చిన్నబజార్‌లో మాది బట్టల షాపు. రొట్టెల పండగ ముందు ఒక ఆర్టికల్, నెల రోజుల బ్యానర్ అని 18 వేలు తీసుకున్నారు. పండక్కి స్వర్ణాల చెరువు దగ్గరికి వేరే రాష్ట్రాల నుంచి కూడా జనం వస్తారు కదా, వాళ్ల కంట్లో పడాలని మా ఆశ. పండగ అయ్యేలోపే ఆర్టికల్ కింద వ్యూస్ 86 వేలు దాటాయి. షాపుకి మాత్రం ఒక్క ఫోన్ కూడా రాలేదు.

మా వెబ్‌సైట్ లింక్ ఇచ్చేటప్పుడే దాని చివర యూటీఎం ట్యాగ్ అనే చిన్న గుర్తు పెట్టించాం. అంటే ఆ ఆర్టికల్ నుంచి ఎవరొచ్చినా మా గూగుల్ అనలిటిక్స్‌లో (సైట్‌కి ఎంతమంది, ఎక్కడి నుంచి వచ్చారో చూపించే గూగుల్ టూల్) విడిగా కనిపిస్తారు. 86 వేల వ్యూస్‌లో మా దాకా వచ్చింది 11 మంది. చదివిన ప్రతివాళ్లూ లింక్ నొక్కరు, అది నాకూ తెలుసు. కానీ మరీ ఇంత తేడానా?

అనుమానం వచ్చి ఆ పేజీని నా ఫోన్‌లోనే మళ్లీ మళ్లీ రిఫ్రెష్ చేశాను. చేసిన ప్రతిసారీ అంకె పెరిగింది. అది పేజీ ఎన్నిసార్లు తెరుచుకుందో చెప్పే లెక్క. ఎంతమంది చదివారో దాన్నిబట్టి తెలియదు. పైగా చాలా వెబ్‌సైట్లలో ఆ కౌంటర్ అంకెను లోపలి నుంచి చేత్తో మార్చుకోవచ్చు.

గట్టిగా అడిగితే “అన్నా, ఇది గూగుల్ లెక్క” అని ఒక స్క్రీన్‌షాట్ పంపారు. మా అక్క కొడుకు బెంగళూరులో ఇలాంటి వెబ్‌సైట్ లెక్కలు చూసే పనిలోనే ఉన్నాడు, వాడు చూడగానే పట్టేశాడు. అది యూనివర్సల్ అనలిటిక్స్ తెర, అంటే గూగుల్ అనలిటిక్స్ పాత వెర్షన్. మామూలు ఖాతాలకు అందులో కొత్త లెక్కలు రావడం 2023 జులై 1నే ఆగిపోయింది. ఇప్పుడున్నది జీఏ4, అంటే గూగుల్ అనలిటిక్స్ 4. ఆగిపోయిన దాంట్లో ఈ ఏడాది రొట్టెల పండగ లెక్కలు ఎలా వస్తాయి?

తర్వాత వాళ్ల ఆఫీసుకి వెళ్లి కూర్చుంటే అసలు తెర చూపించక తప్పలేదు. నగరాల వారీగా చూస్తే పైన ఆష్‌బర్న్, బోర్డ్‌మన్. రెండూ అమెరికాలో పెద్ద పెద్ద డేటా సెంటర్లున్న ఊళ్లు. మనుషులు కాకుండా ప్రోగ్రాములు పేజీలు తెరిచినప్పుడు ఇలాంటి పేర్లు ఎక్కువగా కనిపిస్తాయి. ఆష్‌బర్న్‌లో మన తెలుగువాళ్లు కూడా చాలామంది ఉంటారు కాబట్టి ఊరి పేరు ఒక్కటే చూసి తేల్చలేం. పక్కనే సగటున ఎంతసేపు ఉన్నారో ఉంటుంది, అది చూడండి. అక్కడ ఒక సెకను కూడా లేదు. నెల్లూరు ఎక్కడో కింద ఉంది.

నాకు బాధ డబ్బు గురించి ఒక్కటే కాదు. మన జిల్లాలో ఎండలో తిరిగి నిజంగా వార్తలు రాసే చిన్న సైట్లు ఉన్నాయి. రోజుకు రెండు వేల మంది నెల్లూరు వాళ్లు చదివినా మనలాంటి షాపులకు అదే ఎక్కువ. ఇలాంటి దొంగ లెక్కల వల్ల వాళ్లకు రావాల్సిన యాడ్స్ పోతున్నాయి.

యాడ్ ఇవ్వాలనుకుంటే స్క్రీన్‌షాట్లు, వీడియోలు ఒప్పుకోకండి. మీ జీమెయిల్‌కి వాళ్ల జీఏ4లో వ్యూయర్ యాక్సెస్ ఇమ్మనండి. దాంతో చూడటమే కుదురుతుంది, ఏదీ మార్చలేం, కాబట్టి ఇవ్వడానికి వాళ్లకు భయం అక్కర్లేదు. అందులో వ్యూస్ వదిలేసి యూజర్స్ ఎంతమంది, ఏ ఊరు, ఎంతసేపు చదివారు అన్నవి చూడండి. మీ లింక్‌కి యూటీఎం తప్పకుండా పెట్టించండి, ఖర్చేమీ ఉండదు.

మా డబ్బు ఇంకా తిరిగి రాలేదు, రాతపూర్వకంగా అడిగాం. ఇప్పుడు దీపావళి ప్యాకేజీ అని మళ్లీ తిరుగుతున్నారు. ఎవరైనా ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి ఉంటే, బ్యానర్ పడకముందే ఆ యాక్సెస్ అడగండి. ‘ఇవ్వం’ అంటే అడ్వాన్స్ వెనక్కి తీసుకోండి.