టెస్టింగ్ కోసం బ్లూ పిల్ బోర్డులు కొంటున్నారా? ముందు చిప్ సంగతి చూసుకోండి

ఆన్‌లైన్‌లో "ఒరిజినల్ ఎస్‌టీఎం32" అని రాసి, బాగా తక్కువ ధరకు బ్లూ పిల్ బోర్డులు (ఎస్‌టీఎం32 అనే మైక్రోకంట్రోలర్ చిప్ బిగించిన చిన్న నీలిరంగు బోర్డులు) అమ్ముతున్నారు. ఎల్ఈడీ వెలిగించి నేర్చుకోవడానికైతే పర్లేదు. రాసిన కోడ్‌ను టెస్ట్ చేయడానికి మాత్రం వాటి జోలికి వెళ్లకండి.

మా ప్రాజెక్టుకు ఇలాంటివే ఒక ప్యాకెట్ తెప్పించాం. చిప్ మీద దాని తయారీ కంపెనీ ఎస్‌టీ (ఎస్‌టీమైక్రోఎలక్ట్రానిక్స్) లోగో, ఎస్‌టీఎం32ఎఫ్103సీ8టీ6 అన్న నంబరు అన్నీ పక్కాగా ఉన్నాయి. తీరా చిప్‌లోకి కోడ్ ఎక్కించే ఓపెన్‌ఓసీడీ సాఫ్ట్‌వేర్‌తో కనెక్ట్ చేస్తే, ఐడీకోడ్ (చిప్ గుర్తింపు నంబరు) 1బీఏ01477 రావాల్సిన చోట కొన్ని బోర్డులకు 2బీఏ01477 వచ్చింది. మొదటి అంకె 2 అయిందంటే లోపలున్నది ఎస్‌టీ వారి ఎఫ్103 చిప్ కాదు. ఓపెన్‌ఓసీడీ కాన్ఫిగ్ ఫైల్లో ఆ నంబరు మార్చేస్తే ఫ్లాష్ అవుతుందని, అంటే కోడ్ చిప్‌లోకి ఎక్కుతుందని చాలామంది సలహా ఇస్తారు. నిజమే, అవుతుంది. అసలు తలనొప్పి అక్కడే మొదలు. టెస్టు ఫెయిలైతే తప్పు మన కోడ్‌దా, చిప్‌దా ఎలా తేల్చేది? మనం చదివే డేటాషీట్ (చిప్ వివరాల పత్రం) ఒక కంపెనీది, చేతిలో ఉన్న చిప్ ఇంకొకరిది. ఒకే డ్రైవర్ ఒక బోర్డు మీద పాసై, పక్క బోర్డు మీద ఫెయిలవుతుంటే, టీమంతా ఇంటరప్ట్ కోడ్‌నే పట్టుకుని జుట్టు పీక్కున్నాం.

1బీఏ వచ్చిందని నిశ్చింతగా ఉండటానికీ లేదు, అదే కోడ్ ఇచ్చే వేరే కంపెనీల చిప్‌లూ ఉన్నాయి. గిగాడివైస్ అనే కంపెనీ సొంత పేరుతో అమ్మే జీడీ32ఎఫ్103 మంచి చిప్పే. కానీ అది 108 మెగాహెర్ట్జ్ దాకా పనిచేస్తుంది, ఎస్‌టీది 72 దగ్గర ఆగుతుంది. లోపలి ఫ్లాష్ మెమరీ నుంచి కోడ్ చదివే తీరూ వేరే. లూపులతో డిలే (కాసేపు ఆగడం) రాసుంటే లెక్క తప్పుతుంది. ఏ చిప్పో చెప్పి అమ్మితే గొడవే లేదు, పేరు మార్చి అంటగట్టడమే మోసం.

బోర్డులోనూ ఒక లోపం ఉంది. యూఎస్‌బీ లైన్ మీద ఆర్10 రెసిస్టర్ 1.5 కిలోఓములు ఉండాలి. చాలా బ్లూ పిల్స్‌లో 10 కిలోఓములది పెట్టేస్తారు. దాంతో కొన్ని కంప్యూటర్లు బోర్డును గుర్తించవు. పీఏ12 పిన్‌కీ 3.3 వోల్టుల పిన్‌కీ మధ్య 1.8 కిలోఓముల రెసిస్టర్ సోల్డర్ చేస్తే సరిపోతుంది.

బోర్డులోకి కోడ్ ఎక్కించడానికి వాడే చవక ఎస్‌టీ-లింక్ యూఎస్‌బీ డాంగిల్స్‌తో ఇంకా జాగ్రత్త. పైన డబ్బా మీద అచ్చేసిన పిన్ల వరుస ఒకటి, లోపల ఉన్నది ఒకటి కావచ్చు. 3.3 వోల్టులనుకుని 5 వోల్టుల పిన్‌కు వైరు పెట్టారంటే బోర్డు పోతుంది. డబ్బా జరిపి, లోపలి సర్క్యూట్ మీదున్న పేర్లు చూశాకే వైర్లు కలపండి.

అదే ఎఫ్103 కుటుంబం కావాలంటే ఎస్‌టీ వారి న్యూక్లియో-ఎఫ్103ఆర్‌బీ తీసుకోండి. ధర ఎక్కువే, కానీ డీబగ్గర్, సీరియల్ పోర్ట్ అందులోనే ఉంటాయి, వేరే డాంగిల్ అక్కర్లేదు. ఆ చిప్పే తప్పనిసరి కాకపోతే రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డులు రెండు కొనండి, ఒకటి టెస్టుకు, రెండోది కోడ్ ఎక్కించి తప్పులు వెతికే డీబగ్ ప్రోబ్‌గా. హార్డ్‌వేర్‌ను తాకని లాజిక్‌ను యూనిటీ (గేమ్ ఇంజిన్ కాదు, సీ భాష కోడ్‌ను టెస్ట్ చేసేది) లాంటి ఫ్రేమ్‌వర్క్‌తో కంప్యూటర్ మీదే టెస్ట్ చేసేయొచ్చు, దానికి బోర్డే అక్కర్లేదు.

మా సెల్లర్‌ను అడిగితే "మీ సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం సార్" అన్నాడు. తర్వాత రిటర్న్ గడువు అయిపోయిందన్నాడు. ఇప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్లు, పార్శిల్ రాగానే ప్రతి బోర్డు ఐడీకోడ్ చదివి స్క్రీన్‌షాట్ తీసుకోండి, తేడా ఉంటే గడువులోపే రిటర్న్ పెట్టేయండి.