చాట్స్‌వర్త్ వెళ్తే ఇంటికన్నా తోటకే ఎక్కువ టైమ్ పెట్టుకోండి

ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లందరూ ఊరి నుంచి అమ్మానాన్న రాగానే ముందు లండన్ తీసుకెళ్తారు, ఆ బ్రిడ్జి, ఆ గడియారం, ఆ ప్యాలెస్ గేటు, సాయంత్రానికి పెద్దవాళ్లకి మోకాళ్ల నొప్పులు. నేనూ అదే చేశాను. కానీ పులివెందుల దగ్గర అరటి పండించే మా నాన్న ఈ దేశంలో మనసు పెట్టి చూసింది, నోరారా మాట్లాడింది డెర్బీషైర్‌లోని చాట్స్‌వర్త్‌లోనే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ఇది డెవన్‌షైర్ డ్యూకుల ఇల్లు. వాళ్ల ఇంటిపేరు కావెండిష్. 1549 నుంచి ఆ కుటుంబానిదే, ఇప్పుడు ఒక ట్రస్టు నడుపుతోంది. నేను ఇంతకుముందు ఒకసారి ఒక టూర్ బస్సులో వచ్చాను, వాళ్లు రెండు గంటలే ఇచ్చారు, ఇల్లు చూసేసరికే టైమ్ అయిపోయి తోట గుమ్మం కూడా దాటలేదు. అలా మాత్రం రాకండి, డబ్బులు దండగ. పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా ఉండండి.

ఇల్లు బాగుంటుంది, కాదనను. పెయింటెడ్ హాల్‌లో పైకప్పు చూస్తూ అమ్మ మెడ పట్టేసేదాకా నిలబడింది. ఒక తలుపు మీద వయొలిన్ వేలాడుతున్నట్టు ఉంటుంది, దగ్గరికెళ్తే అది వట్టి బొమ్మ, రంగులతో వేసిందే. ముఖానికి పల్చని ముసుగు కప్పుకున్న పాలరాతి విగ్రహం ఇంకొకటి, రాతిలోంచి ఆ ముసుగు వెనక కళ్లూ ముక్కూ ఎలా కనిపిస్తున్నాయో అని అమ్మ చుట్టూ తిరిగి తిరిగి చూసింది. నాన్న మాత్రం కిటికీల్లోంచి బయటికే చూస్తున్నాడు.

బయట 105 ఎకరాల తోట. మధ్యలో పొడవాటి కొలను, అందులోంచి ఎంపరర్ ఫౌంటెన్ లేస్తుంది. గాలి ఇటు తిరిగితే తుంపర వచ్చి మొహాన పడుతుంది. నాన్న అడిగిన మొదటి మాట, "ఎన్ని హెచ్‌పీ మోటారు పెట్టింటారమ్మా?" అసలు మోటారే లేదు. జోసెఫ్ పాక్స్‌టన్ అనే తోటమాలి 1844లో కట్టింది ఇది, రష్యా చక్రవర్తి వస్తాడని రాత్రిళ్లు కూడా దివిటీల వెలుగులో పని చేయించి, పైన గుట్ట మీద దాదాపు 350 అడుగుల ఎత్తున 8 ఎకరాల చెరువు తవ్వి, అక్కణ్నుంచి పైపు దించాడు, నీళ్లు తమ బరువుతో తామే ఎగుస్తాయి. అప్పట్లో 90 మీటర్ల దాకా లేచిందట. ఆ చక్రవర్తి చివరికి రానేలేదు. ఇదంతా చెప్పాక నాన్న గుట్ట వైపు చూసి, కొలను వైపు చూసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అంటే కరెంటు కోసం అర్ధరాత్రి లేచే పని లేదన్నమాట" అన్నాడు. త్రీఫేజ్ ఎప్పుడొస్తుందా అని టార్చిలైటు పట్టుకుని ఏళ్ల తరబడి తోటకి నడిచిన మనిషి. నాకు గొంతు పట్టేసింది.

అసలు విషయం ఇంకొకటుంది. మన దగ్గర నాన్నలాంటి రైతులు వేసే జీ నైన్ అరటి ఉంది కదా, అది కావెండిష్ రకం. ఆ కావెండిష్ ఈ కావెండిష్‌లే! 1830ల్లో పాక్స్‌టన్ మారిషస్ మీదుగా వచ్చిన అరటి మొక్కని ఇక్కడ గాజు ఇంట్లో వేడి పెట్టి పెంచి, కాయ కాయించి, దానికి తన డ్యూక్ ఇంటిపేరు పెట్టాడు. ఇప్పుడు ప్రపంచంలో ఓడలెక్కి ఎగుమతయ్యే అరటిలో చాలా భాగం ఆ రకమే. ఇప్పటికీ ఇక్కడి గాజు ఇంట్లో అరటి పెంచుతారు. నాన్న అద్దానికి నుదురు ఆనించి, రెండు చేతులు కళ్లకి అడ్డం పెట్టుకుని చూసి, "గెల పడి నెల అయింటుంది, ఇంకో రెండు నెలలకి దించొచ్చు" అని తేల్చేశాడు. మన తోటకి వీళ్ల ఇంటిపేరు ఉందని మా బాబాయికి అప్పటికప్పుడే వీడియో కాల్ చేసి చెప్పాడు. పాక్స్‌టన్ కూడా రైతు బిడ్డే, 1826లో 22 ఏళ్లకి ఇక్కడ పనిలో చేరాడు, తర్వాత లండన్‌లో 1851 నాటి క్రిస్టల్ ప్యాలెస్ అనే పెద్ద గాజు ఎగ్జిబిషన్ భవనాన్ని డిజైన్ చేసింది ఆయనే అని చెప్తే నాన్నకి ఇంకా నచ్చింది.

మెట్ల మీదుగా నీళ్లు జారే కాస్కేడ్ 1696 నాటిది, 24 మెట్లు. దానికి మరమ్మతులు ఉన్నాయి కాబట్టి నీళ్లు వదులుతున్నారో లేదో ముందే వెబ్‌సైట్‌లో చూసుకోండి. వానలు లేని రోజుల్లో ఫౌంటెన్ కూడా తగ్గిస్తారు.

టికెట్ తక్కువేం కాదు. అయితే తోట వరకే విడిగా టికెట్ ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, బడ్జెట్ చూసుకునేవాళ్లకి నేను అదే చెప్తాను. నది పక్కన పార్కులో నడవడానికి డబ్బులక్కర్లేదు, గొర్రెలు మేస్తుంటాయి, మేం అక్కడే చెట్టు కింద కూర్చుని పులిహోర తిన్నాం. కారు లేకపోతే షెఫీల్డ్ నుంచి బస్సు ఉంది, అదే బస్సు బేక్‌వెల్ ఊరికీ వెళ్తుంది. పాత రాతి వంతెన, కింద వై నది, బాతులు, ఒక గంట తిరగడానికి హాయిగా ఉంటుంది. అక్కడి బేక్‌వెల్ పుడ్డింగ్‌లో గుడ్డు పడుతుంది, అమ్మలాగా తిననివాళ్లకి ముందే చెప్పండి. తిరుగు బస్సు టైమ్ దిగగానే ఫోటో తీసి పెట్టుకోండి, సాయంత్రం బస్సులు తక్కువ.