సైడ్‌ఆర్మ్‌తో మూడేళ్లు: వీకెండ్ టీమ్‌కి పనికొస్తుందా?

లెదర్ బాల్‌తో ఆడే వీకెండ్ టీమ్ ఏదైనా సరే, ఇంకో కొత్త బ్యాట్ కొనేముందు ఒక సైడ్‌ఆర్మ్, అంటే నెట్స్‌లో బంతిని వేగంగా విసిరే చేతి పరికరం, కొనుక్కోవాలంటాను నేను. మా టీమ్ దాన్ని వాడబట్టి మూడేళ్లు దాటింది. మాది హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునేవాళ్ల టీమ్, ఆదివారాలు మొయినాబాద్ వైపు గ్రౌండ్లలో మ్యాచ్‌లు, వారం మధ్యలో ఆఫీసుకు ముందు నెట్స్. మాలో చాలామంది టెన్నిస్ బాల్ ఆడి వచ్చినవాళ్లే కాబట్టి, లెదర్ బాల్ కాస్త వేగంగా వచ్చి పక్కటెముకల ఎత్తుకు లేస్తే చాలు, వెనక కాలు లెగ్ సైడ్‌కి జరిగిపోయేది. కోచ్‌లు చెప్పారు, వీడియోలు తీసి చూసుకున్నాం, పోలేదు. ఆ అలవాటు పోగొట్టింది మాత్రం ఇదే.

చూడ్డానికి పొడవాటి గరిటెలా ఉండే ప్లాస్టిక్ వస్తువు, చివర బంతిని పట్టుకునే కప్పు, ఇంకో చివర పిడి, అంతే. చేతి పొడవు పెరిగినట్టవుతుంది కాబట్టి, మామూలుగా బంతి విసిరే శ్రమతోనే చాలా ఎక్కువ వేగం వస్తుంది. భారత జట్టు నెట్స్‌లో బ్యాట్స్‌మెన్‌కి దీనితో బంతులు విసరడం, రాఘవేంద్ర ఏళ్లుగా చేస్తున్న పని ఇదే. 2013 తర్వాత ఫాస్ట్ బౌలింగ్‌ని మన జట్టు బాగా ఆడుతోందంటే ఆయన వల్లేనని 2020లో బంగ్లాదేశ్ ఓపెనర్ తమీమ్ ఇక్బాల్‌తో ఆన్‌లైన్‌లో మాట్లాడుతూ కోహ్లీయే చెప్పాడు. 2022 టీ20 ప్రపంచకప్‌లో అడిలైడ్‌లో బంగ్లాదేశ్‌తో మ్యాచ్‌లో, వాన తర్వాత బ్రష్ పట్టుకుని మనవాళ్ల బూట్లకు అంటిన బురద దులుపుతూ బౌండరీ చుట్టూ తిరిగింది కూడా ఆయనే. అలాంటి మనిషికి దక్కాల్సినంత పేరు దక్కలేదన్న బాధ నాకుంది.

మనం ఆయనలా 150 వేగంతో వెయ్యలేం, వెయ్యాల్సిన అవసరమూ లేదు. దూరం తగ్గిస్తే సరిపోతుంది. బ్యాట్స్‌మన్‌కి 15 మీటర్ల దూరం నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వేస్తే బంతి చేరడానికి అర సెకను కంటే కొంచెం ఎక్కువ పడుతుంది. 18 మీటర్ల నుంచి 120తో వచ్చే బంతికి పట్టేది కూడా దాదాపు అంతే టైమ్. మా లీగ్‌లో అంత వేగం వేసేవాళ్లు అరుదు. అందుకే ఉదయం నెట్స్‌లో దీన్ని ఆడి ఆదివారం మ్యాచ్‌కి వెళ్తే, ఎదుటి టీమ్ ఓపెనింగ్ బౌలర్ నిదానంగా వేస్తున్నట్టు అనిపిస్తుంది. అలా అని మరీ ముందుకొచ్చేస్తే బంతి లేచే కోణం మారిపోతుంది, అది మ్యాచ్‌కి పనికిరాదు.

వెయ్యడం నేర్చుకోవడానికి ఓపిక కావాలి. బంతి కప్పులోంచి తనంతట తనే వదలాలి, మనం మణికట్టుతో విదిలించకూడదు. భుజం మీదుగా చెయ్యి తిప్పి, ముందు కాలు గట్టిగా ఆనించి, చెయ్యి ఆగే చోటే బంతి విడుదలవుతుంది. ముందే జారితే ఫుల్ టాస్, ఆలస్యంగా వదిలితే వేసేవాడి కాళ్ల దగ్గరే నేలకు కొట్టుకునే షార్ట్ బాల్. మొదట్లో రోజూ కొన్ని బీమర్లు (నేల తాకకుండా నడుముకి పైన దూసుకొచ్చే బంతులు) వస్తాయి, కాబట్టి వేసేవాడికి చెయ్యి కుదిరేదాకా ఎదురుగా బ్యాట్స్‌మన్‌ని నిలబెట్టకండి, ఖాళీ నెట్‌లో స్టంప్స్‌కి వెయ్యమనండి. సీమ్ (బంతి మీది కుట్టు) నిటారుగా పెట్టి కప్పులో కూర్చోబెడితే కొత్త బంతి స్వింగ్ కూడా అవుతుంది, ఇది నేను అస్సలు ఊహించలేదు. చలికాలం పొద్దున మంచుకి తడిసిన బంతి మాత్రం సబ్బులా జారిపోతుంది. ప్రతి బంతినీ పొడి గుడ్డతో తుడిచి పెట్టాలి.

బౌలింగ్ మెషీన్‌తో పోలిస్తే? మేం అంతకుముందు ఒక అకాడమీలో గంటల లెక్కన మెషీన్ తీసుకునేవాళ్లం. ఒకే షాట్‌ని మళ్లీ మళ్లీ కొట్టి కుదుర్చుకోవడానికి అది మంచిదే. కానీ గొట్టంలోంచి బంతి ఊడిపడుతుంది తప్ప ఎదురుగా కదిలే మనిషి ఉండడు, దాంతో బ్యాట్ ఎప్పుడు ఎత్తాలి, ముందు కాలు ఎప్పుడు కదపాలి అన్న టైమింగ్ తేడాగా అలవాటవుతుంది. సైడ్‌ఆర్మ్‌లో మనిషి రెండడుగులు వేస్తాడు, చెయ్యి వెనక్కి వెళ్తుంది, మన కదలిక దానితో జత కలుస్తుంది. అయితే బౌలర్ వేళ్లని, మణికట్టుని చూసి స్లో బాల్ కనిపెట్టడం దీనితో రాదు. స్పిన్ ఆడటం అసలే రాదు. వాటికి నిజమైన బౌలర్లే కావాలి.

నాకున్న అసలు ఫిర్యాదు వస్తువు మీద కాదు, దాన్ని వాడే తీరు మీద. బాగా వేసేవాడు ఒకడు దొరికితే టీమ్ మొత్తం వాడి మీద పడుతుంది. "అన్నా, ఇంకో పది బాల్స్ వెయ్" అని ప్రతి ఒక్కడూ అడిగితే పది మందికి కలిపి వందలు దాటుతాయి. మా టీమ్‌లో అలా వేసిన కుర్రాడికి భుజం పట్టేసి, చెయ్యి పైకెత్తి అల్మారాలో వస్తువు అందుకోలేని పరిస్థితి వచ్చింది, చాలా వారాలు బౌలింగ్ మానేశాడు. సైడ్‌ఆర్మ్ భుజానికి శ్రమ తగ్గిస్తుందని అందరూ అంటారు, బంతికి బంతి చూస్తే నిజమే, కానీ ఆ ధీమాతోనే లెక్క తప్పుతుంది. అప్పటినుంచి మా దగ్గర ఒక మనిషికి ఒక పూటకి యాభై, అరవై దాటనివ్వం, నలుగురం వంతులేసుకుంటాం. వేసేముందు రెసిస్టెన్స్ బ్యాండ్‌ని గ్రిల్‌కి కట్టి, మోచెయ్యి నడుముకి ఆనించి చేతిని బయటికి తిప్పే వ్యాయామం నిదానంగా చేస్తాం. చూడ్డానికి చాలా చిన్న పని. ఇది మొదలుపెట్టాక నాకు మోచేతి లోపలి వైపు వచ్చే సలుపు పూర్తిగా పోయింది.

ధర విషయానికొస్తే మేం కొన్నది రెండు వేల లోపే. చవక రకాల్లో కప్పు మొదట మరీ బిగుతుగా ఉంటుంది, కొన్ని వారాలకే వదులైపోతుంది. కొనేటప్పుడు మీరు ఆడే బంతినే పెట్టి చూడండి, తలకిందులు చేస్తే పడకూడదు, చిన్నగా విదిలిస్తే రావాలి. ఎండాకాలం కారు డిక్కీలో వదిలేయకండి. మాది అలాగే ఉండిపోయి కప్పు విచ్చుకుంది, తర్వాత పాత బంతులు వెయ్యడానికే మిగిలింది. హెల్మెట్ లేకుండా దీని ఎదుట ఎవరినీ నిలబడనివ్వం, అదీ గ్రిల్ సందులోంచి బంతి దూరని బ్రిటిష్ ప్రమాణం హెల్మెట్ అయితేనే, అంటే లోపల బీఎస్ 7928:2013 అని రాసి ఉండాలి.

ఇంకొకటి, ఇది వచ్చాక మా బౌలర్లు నెట్స్‌లో బౌలింగ్ తగ్గించేశారు, ఆదివారం నాలుగో ఓవర్‌కే అలసిపోయేవారు. ఇప్పుడు మొదటి గంట బౌలర్లదే, సైడ్‌ఆర్మ్ ఆ తర్వాతే బ్యాగులోంచి బయటికి వస్తుంది.