స్పేస్ షటిల్‌ని 2011లో ఆపడం మేలా, ఇంకొన్నేళ్లు నడపడం మేలా?

ఎనిమిది రోజుల పనికని 2024 జూన్‌లో వెళ్లిన సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ 2025 మార్చి దాకా స్పేస్ స్టేషన్‌లోనే ఉండిపోయారు. అప్పటినుంచి చాలామంది నన్ను అడుగుతున్నది ఒకటే: "షటిల్ ఉండుంటే ఈ టెన్షన్ ఉండేదా?" ఉండేదే. షటిల్, అంటే విమానంలా రెక్కలతో దిగి మళ్లీ ఎగిరే నాసా అంతరిక్ష నౌక, ఎప్పుడూ 18 రోజులకు మించి పైన ఉన్నది లేదు. అది ఎగిరే రోజుల్లో కూడా, స్టేషన్‌లో నెలల తరబడి ఉండేవాళ్లకు ఆపద వస్తే దిక్కు అక్కడే ఉంచే రష్యా నౌక సోయజే.

అసలు ప్రశ్న వేరే ఉంది. చివరి షటిల్ అట్లాంటిస్ 2011 జులై 21న చివరిసారి దిగింది. అమెరికా మళ్లీ తన గడ్డ మీద నుంచి మనుషుల్ని పంపింది 2020 మే 30న, స్పేస్‌ఎక్స్ కంపెనీ నౌక డ్రాగన్‌లో. అంతవరకూ ఏటా రెండుసార్లైనా షటిల్‌ని నడిపి ఉండాల్సిందా?

నడపాల్సిందనే వాళ్ల మాటలో బలం ఉంది. ఒకేసారి ఏడుగురు మనుషులు, 20 టన్నులకు పైగా సరుకు, పైన పనిచేయడానికి రోబో చేయి. 1993 నుంచి 2009 దాకా అంతరిక్షంలోని హబుల్ టెలిస్కోపుని ఐదుసార్లు రిపేరు చేసి వచ్చింది షటిలే. ఇప్పుడు హబుల్‌కి ఏమైనా అయితే వెళ్లి చేసేవాళ్లు లేరు. షటిల్ ఆగాక సోయజ్‌లో ఒక్క సీటు ధర 8 కోట్ల డాలర్లు దాటింది.

మధ్యలో ఖాళీ వస్తే ఏమవుతుందో మనవాళ్లకు ఇంకా బాగా తెలుసు. చివరి అపోలో నౌక 1975లో ఎగిరింది. తర్వాత వచ్చే షటిల్‌తో, కిందికి జారుతున్న అమెరికా స్పేస్ స్టేషన్ స్కైలాబ్‌ని పైకి నెట్టాలనుకున్నారు. షటిల్ 1981కి గానీ రాలేదు, స్కైలాబ్ 1979 జులైలోనే పడిపోయింది. నెత్తిన పడుతుందన్న భయంతో, పోతే పోతాం తినైనా పోదామని మన ఊళ్లలో మేకల్నీ కోళ్లనీ కోసుకు తిన్న కథలు పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ముక్కలు పడ్డది మాత్రం హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పశ్చిమాన.

ఇవన్నీ ఒప్పుకుంటూనే నేను ఆపడం వైపే ఉంటాను. ఖర్చు వల్ల కాదు, అది ఒక్కో ప్రయాణానికి సగటున 150 కోట్ల డాలర్ల దాకా పడ్డా సరే. రాకెట్ చెడితే లోపలివాళ్లు బయటపడే దారి షటిల్‌లో లేదు, నాకు అదే ముఖ్యం. మొదటి నాలుగు ప్రయాణాల్లో ఇద్దరే వెళ్లారు కాబట్టి ఎజెక్షన్ సీట్లు పెట్టారు. మనుషులు పెరిగాక అవీ పోయాయి. 1986లో ఛాలెంజర్ షటిల్ 73 సెకన్లకే ముక్కలైనప్పుడు ఆ ఏడుగురూ చేయగలిగింది ఏమీ లేదు. 2003లో కొలంబియా షటిల్‌ది ఇంకో లోపం. నౌక ఇంధన ట్యాంకు పక్కన ఉండటం వల్ల, ట్యాంకు పైపూత నుంచి ఊడిన నురుగు ముక్క నేరుగా ఎడమ రెక్కకు తగిలింది. కల్పనా చావ్లాతో పాటు మరో ఆరుగురు పోయారు.

సోయజ్, డ్రాగన్ లాంటి క్యాప్స్యూల్ రాకెట్‌కి పైన కూర్చుంటుంది, ప్రమాదం వస్తే విడిపోయి దూరంగా ఎగిరిపోతుంది. 2018 అక్టోబర్‌లో సోయజ్ రాకెట్ మధ్యలో చెడితే నిక్ హేగ్, అలెక్సీ ఒవ్చినిన్ ప్రాణాలతో దిగింది అలాగే. సునీతని కిందికి తెచ్చిన డ్రాగన్‌కి కమాండర్ ఆ హేగే. సోయజ్‌లోనూ నలుగురు పోయారు, కాదనను. కానీ అవి రెండు ప్రమాదాలు, రెండూ 1971 నాటికే జరిగాయి.

"మళ్లీ పాత క్యాప్స్యూలేనా" అని పెదవి విరిచేవాళ్లు గగన్‌యాన్‌ని చూడాలి. మనిషిని ఎక్కించకముందే శ్రీహరికోటలో 2018లో ఒకసారి, 2023లో ఒకసారి ఇస్రో పరీక్షించింది ఈ తప్పించుకునే ఏర్పాటునే.

ఇంకో లెక్క. సిబ్బందిని పోగొట్టుకునే ప్రమాదం ప్రయాణానికి 90లో 1 అని చివరి రోజుల్లో నాసాయే అంచనా వేసింది. ఏటా రెండు చొప్పున తొమ్మిదేళ్లంటే 18 ప్రయాణాలు. వాటిలో ఒక్కటైనా ప్రమాదంలో ముగిసే అవకాశం నూటికి 18. జరిగిన 135 ప్రయాణాల్లో రెండు పోయాయన్న లెక్కన చూస్తే 23 దాటుతుంది. సోయజ్ సీటు ఎంత ఖరీదైనా ఇంతకంటే చవకే.

ప్రైవేటు కంపెనీ చేతికిచ్చి నడిపిద్దామన్న ప్రతిపాదన కూడా వచ్చింది, కానీ నౌక మారదు కదా. 

అసలు 2011లో ఈ చర్చకి అర్థం కూడా లేదు. ఆపాలని 2004లోనే తేల్చారు. న్యూ ఆర్లీన్స్‌లో షటిల్ ఇంధన ట్యాంకులు చేసే పని 2010కల్లా ముగిసింది. తప్పు ఆపడంలో లేదు, తర్వాతిది సిద్ధం చేయకపోవడంలో ఉంది. షటిల్ తర్వాత రావాల్సిన నాసా కార్యక్రమం కాన్‌స్టెలేషన్‌ని ఏళ్ల తరబడి లాగి 2010లో వదిలేశారు. ఆ తర్వాత ప్రైవేటు నౌకల కోసం 2012కి నాసా 85 కోట్ల డాలర్లు అడిగితే అమెరికా కాంగ్రెస్ అందులో సగం కూడా ఇవ్వలేదు.