డిసెంబరు కచేరీలకు చెన్నై వెళ్తే: రాయపేట హోటల్లో దోపిడీ, మైలాపూరులో ఆదరణ

డిసెంబరులో సంగీతం కోసం చెన్నై వెళ్లాలనుకునేవాళ్లు కచేరీల జాబితా తర్వాత చూసుకోండి. ముందు గది సంగతి తేల్చుకోండి. ఆ ఊళ్లో ఆ నెలలో పాట చవక, చాలాచోట్ల ఉచితం కూడా. గదే ఖరీదు. ఆ గది పేరుతో మమ్మల్ని ఎలా దోచారో పూర్తిగా రాస్తాను, ఇంకో కుటుంబమైనా జాగ్రత్త పడుతుందని.

వెళ్లింది నలుగురం. నేను, మా ఆయన, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, అత్తయ్యగారు. నిజానికి ఈ ప్రయాణం అత్తయ్యగారి కోసమే. విజయవాడ రేడియోలో భక్తిరంజని వింటూ పెరిగిన మనిషి ఆవిడ. బాలమురళి గొంతు వినబడితే చేతిలో పని ఆపేస్తారు. 1978లో ఆయనకి సంగీత కళానిధి బిరుదు ఇచ్చిన మ్యూజిక్ అకాడమీ హాలులో ఒక్కసారైనా కూర్చోవాలన్నది ఆవిడ ఎన్నాళ్లనుంచో చెబుతున్న మాట. విజయవాడలో పొద్దున్నే పినాకిని ఎక్కాం, మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్‌లో దిగాం. రైలు గురించి చెప్పుకోవడానికేమీ లేదు, హాయిగా గడిచింది.

స్టేషన్ బయట ఆటోవాళ్లు రాయపేటకి 350 అడిగారు. అక్కడ 2013లో ప్రభుత్వం పెట్టిన మీటరు రేటు మొదటి 1.8 కిలోమీటర్లకు 25 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 12. దూరం ఐదు కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ లెక్కన 65 దాటకూడదు. పాత రేటే, ఎవరూ దానికి రారని తెలుసు, పెట్రోలు ధరలూ తెలుసు. అయినా ఐదు రెట్లకు పైగానా? ఫోన్‌లో బుక్ చేస్తే 140కి వచ్చింది. సామాను తక్కువుంటే స్టేషన్ కిందే మెట్రో ఉంది, అది ఇంకా మేలు.

ఇక హోటల్. పేరు రాయడం లేదు. ఇంటర్నెట్‌లో బుక్ చేసినప్పుడు నలుగురికి సరిపడే గది రోజుకు 2,800, అకాడమీకి నడిచి వెళ్లేంత దగ్గర, రోజంతా వేడినీళ్లు అని రాసి ఉంది. తీరా కౌంటర్ దగ్గరికి వెళ్లాక మేనేజరు కంప్యూటర్ వంక చూస్తూ, "సార్, అది పాత రేటు సార్. ఇప్పుడు సీజన్. 4,200" అన్నాడు. మా ఆయన ఫోన్ తీసి బుకింగ్ చూపించారు. "ఆ వెబ్‌సైట్‌వాళ్లు మార్చలేదు సార్, మాకు సంబంధం లేదు. కావాలంటే క్యాన్సిల్ చేసుకోండి" అన్నాడు. డిసెంబరు మూడో వారంలో, సాయంత్రం అవుతుండగా, డెబ్బై దాటిన తల్లిని సోఫాలో కూర్చోబెట్టుకున్న మనిషి ఎక్కడికి పోతాడు? అతనికి కావలసింది అదే. మా ఆయన బ్యాంకులో పాతికేళ్లుగా కస్టమర్లతో నెమ్మదిగా మాట్లాడడం అలవాటైన మనిషి, ఆరోజు గొంతు పెంచారు. అత్తయ్యగారే "ఒరే, పోనీలేరా, ఇచ్చేయ్, నా నడుం పడిపోతోంది" అన్నారు. ఇచ్చేశాం.

గది మూడో అంతస్తులో. లిఫ్టుకి "మరమ్మతులో ఉంది" అని కాగితం. నలుగురికన్న గదిలో మంచం ఒక్కటే. నేలమీద ఇంకో పరుపు వేయడానికి 600. వేడినీళ్లు రోజంతా కాదు, పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకానే. ధనుర్మాసంలో ఆరింటికి స్నానం చేస్తే గుడికి వెళ్లేదెప్పుడు? నాలుగింటికి నీళ్లు కావాలంటే బకెట్‌కి 60 చొప్పున కింద నుంచి మోసుకొస్తామన్నారు. రెండు బకెట్లకి 120 కట్టాం. వచ్చినవి గోరువెచ్చగా కూడా లేవు. అత్తయ్యగారు చన్నీళ్లే పోసుకుని రోజంతా దగ్గారు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది అదే.

ఖాళీ చేసేటప్పుడు బిల్లు చూసి మా ఆయన మళ్లీ ఆగిపోయారు. జీఎస్టీ 12 శాతం వేశారు. రోజుకు 7,500 లోపు గదులకి 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే. 4,200 మీద 210 పడాల్సిన చోట 504 వేశారు. అంటే ఒక్క రోజుకి 294 అదనం. అడిగితే "సాఫ్ట్‌వేర్ సార్" అన్నాడు. ఆ సాఫ్ట్‌వేర్ ఎన్ని కుటుంబాల దగ్గర ఎంత వసూలు చేసి ఉంటుందో ఊహించండి. బిల్లు ఫొటో తీసుకుని, అక్కడే నిలబడి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాం. ఆ నంబరు తెలుగులో కూడా పలుకుతుంది. బిల్లు, బుకింగ్ స్క్రీన్‌షాట్ రెండూ దాచుకుంటే తప్ప ఆ ఫోన్‌కి బలం లేదు, అది మాత్రం మరవకండి.

అక్కణ్ణుంచి మైలాపూరుకి మారాం. అది మా అదృష్టం. కచేరీలో పక్కన కూర్చున్న ఒక మామి, అత్తయ్యగారి దగ్గు విని మాటలు కలిపి, కపాలీశ్వరుని గుడి మాడవీధుల పక్క సందులో తెలిసినవాళ్ల ఇల్లు చూపించారు. పైఅంతస్తులో మూడు గదులు అద్దెకిస్తారు. పెద్ద గది, మూడు మంచాలు, కిటికీకి దోమల వల, రోజుకు 2,200. అడ్వాన్స్ అడగలేదు. తెల్లవారుజామున నాలుగింటికే బాయిలర్‌లో నీళ్లు పొగలు కక్కుతుంటాయి. కాఫీకి డబ్బిస్తే ఆ ఇంటావిడ నొచ్చుకున్నారు. టీవీ లేదు, ఏసీ లేదు. ఆ చలికాలంలో ఏసీ ఎవరికి కావాలి?

అక్కడ ఉండబట్టే తెల్లవారుజాము మైలాపూరు చూశాం. ఐదింటికి వీధిలోకి వస్తే ప్రతి ఇంటి ముందూ పిండిముగ్గులు, కొన్నిటి మధ్య మన గొబ్బెమ్మల్లాగే పేడ ముద్దలో గుమ్మడిపువ్వు. మాడవీధుల్లో భజన వస్తోంది. హార్మోనియం మెళ్లో తగిలించుకున్న పెద్దాయన ముందు, తాళాలు పట్టుకున్న పిల్లలు వెనక. ఈ వీధి భజనని ఒకప్పుడు తమిళ వాగ్గేయకారుడు పాపనాశం శివన్ నడిపేవారు. అత్తయ్యగారికి తిరుప్పావై కంఠతా వచ్చు. ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతం బదులు తిరుప్పావై చదువుతారు కదా, అది వింటూ నేర్చుకున్నారట. గుంపు వెనకాలే నడుస్తూ గొంతు కలిపారు. దగ్గు ఏమైపోయిందో! మా అమ్మాయి ముందు రోజు దాకా ముఖం ముడుచుకునే ఉంది, ఆ పూట "నానమ్మా, రేపు కూడా నన్ను లేపు" అంది. కోనేటి చుట్టూ ఒక్క రూపాయి ఖర్చు లేకుండా దొరికే ఈ గంట కోసమైనా మైలాపూరులోనే దిగండి. కచేరీ హాళ్లకి దగ్గరని రాయపేటో, షాపింగ్‌కి బాగుంటుందని టి నగరో పట్టుకుంటే ఇది పోతుంది. ఒక ఇబ్బంది ఉంది. మైలాపూరు లజ్ కూడలి దగ్గర మెట్రో తవ్వకాల వల్ల దారులు మళ్లించారు, ఆటోలు చుట్టూ తిరిగి వస్తాయి. నడవగలిగితే నడవడమే మంచిది.

కచేరీల విషయానికి వస్తే, 1927లో మద్రాసులో కాంగ్రెస్ మహాసభతోపాటు జరిగిన సంగీత సదస్సు ఫలితంగా 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది. ఇప్పుడు ఊరంతా సభలే, అంటే కచేరీలు పెట్టే సంస్థలే. నారద గాన సభ, కృష్ణ గాన సభ, మైలాపూర్ ఫైన్ ఆర్ట్స్, వాణీ మహల్... పేరున్న విద్వాంసుల సాయంత్రం కచేరీలకి టికెట్లు దొరకడం కష్టం. ముందువరుసలు సభ్యులవి. మిగిలినవాటి కోసం పొద్దున్నే వరుసలో నిలబడాలి. మాకు దొరికింది బాల్కనీలో, స్తంభం పక్కన. పాట బాగుంది కానీ అత్తయ్యగారికి గాయని ముఖం కనబడలేదు.

నా మాట వింటే మధ్యాహ్నం కచేరీలకి వెళ్లండి. చాలా సభల్లో పన్నెండింటికీ, రెండు గంటల ప్రాంతంలోనూ కొత్తగా పైకి వస్తున్నవాళ్లు పాడతారు, ప్రవేశం ఉచితం. హాలు సగం ఖాళీగా ఉంటుంది, నచ్చిన చోట కూర్చోవచ్చు. ఒకరోజు పాతికేళ్లు కూడా లేని అమ్మాయి ఖరహరప్రియ రాగం ఎత్తుకుంది. ఆలాపన అయ్యేసరికి హాల్లో దగ్గే మనిషి లేడు. తర్వాత త్యాగరాజ కీర్తన. తెలుగు అంత స్పష్టంగా, పదం విరగకుండా పాడితే, కన్నడమో తమిళమో మాట్లాడే ఇంట పుట్టిన పిల్లయి ఉంటుందని అనుకోలేం. ముందువరుసలో ముసలివాళ్లు చిన్న నోటు పుస్తకాల్లో రాగం పేరు, తాళం రాసుకుంటున్నారు. కీర్తన అయ్యాక అత్తయ్యగారు లేచి వేదిక దగ్గరికి వెళ్లి ఆ పిల్ల చేతులు పట్టుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో మాకు వినబడలేదు. సాయంత్రం పెద్ద కచేరీలో నాకు కలగని ఆనందం అక్కడ కలిగింది.

ఒకటి మాత్రం నచ్చలేదు. తని ఆవర్తనం, అంటే పాట ఆగి మృదంగం ఒక్కటే వినిపించే భాగం, మొదలవగానే జనం లేచి క్యాంటీన్‌కి పోతారు. మృదంగం వాయించే కుర్రాడు ఏడాదంతా ఆ పది నిమిషాల కోసం సాధన చేసి ఉంటాడు. ఎదురుగా కుర్చీలు ఖాళీ అవుతుంటే అతనికి ఎలా ఉంటుంది? కాఫీ ఎక్కడికీ పోదు, కూర్చోండి.

ఆ క్యాంటీన్లు మంచివే, కాదనను. అరిటాకు భోజనం 450. ధర వినగానే మా ఆయన వెనక్కి తగ్గారు, నేను లాక్కెళ్లాను. పప్పు, నెయ్యి, వత్తకుళంబు అనే చింతపండు పులుసు, మిరియాల చారు, అరటిపువ్వు కూర, పాయసం, చివర్లో గడ్డ పెరుగు. వడ్డించేవాళ్లు అడిగి అడిగి వేస్తారు. నల్లగా ఉన్న వత్తకుళంబుని అనుమానంగా చూసిన మా ఆయన మూడుసార్లు వేయించుకున్నారు. హోటల్ గొడవ తర్వాత ఆయన నవ్వింది అప్పుడే. కాఫీ 45. పొద్దుటి టిఫిన్‌కి మాత్రం క్యాంటీన్ వద్దు, మైలాపూరులో రాయర్స్ మెస్ చాలు. చిన్న చోటు, బయట నిలబడాలి. ఇడ్లీ, పొంగలి, గట్టి చట్నీ. నలుగురం తిని 420 ఇచ్చాం.

ఎగ్మూరు మ్యూజియంకి శుక్రవారం వెళ్లకండి, సెలవు. మిగతా రోజుల్లో తప్పక వెళ్లండి, ముఖ్యంగా మన కృష్ణా, గుంటూరు జిల్లాలవాళ్లు. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్, ఆ తర్వాత మరికొందరు తవ్వించిన అమరావతి స్తూపపు పలకల్లో కొన్ని లండన్ వెళ్లిపోయాయి, చాలా పలకలు ఇక్కడ ఉన్నాయి. 19వ శతాబ్దంలోనే వాటిని గోడలకి సిమెంటుతో బిగించేశారు. మా ఇంటినుంచి అమరావతి గంట ప్రయాణం. ఆ శిల్పాలు చూడాలంటే ఇంత దూరం రావాలి! బుద్ధుడి మీదికి ఉసిగొల్పిన నాళాగిరి ఏనుగు ఆయన ముందే మోకరిల్లే పలక దగ్గర మా అమ్మాయి చాలాసేపు నిలబడింది. నాకు మాత్రం ఆ సిమెంటు అంచులు చూస్తుంటే గుండె కలుక్కుమంది.

మైలాపూరులోనే రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. 1952 డిసెంబరు 15న, నిరాహార దీక్ష 58వ రోజున ఆయన ఆ ఇంట్లోనే ప్రాణం విడిచారు. అకాడమీ కచేరీలు మొదలయ్యే రోజులూ అవే. సంగీతానికని వెళ్లే తెలుగువాళ్లలో ఎంతమంది అటు తొంగిచూస్తారో! మా ఆటో డ్రైవరుకి ఆ చోటు తెలియదు, పక్కనే పూలమ్మే ఆవిడ చూపించింది. పది నిమిషాల పని, పిల్లల్ని తీసుకెళ్లండి.

మెరీనా సాయంత్రం, టి నగరులో చీరలు, ఇవన్నీ అయ్యాయి. ఈసీఆర్ (తూర్పు తీర రోడ్డు) మీద దక్షిణాది పాత ఇళ్లను చూపించే దక్షిణచిత్ర బాగుంది, మన కోస్తా చుట్టిల్లు అక్కడ కట్టి పెట్టారు. మంగళవారం మూసేస్తారు. ట్రిప్లికేన్ పార్థసారథి గుడిలో మీసాలున్న మూలవిరాట్టును చూడండి గాని, వైకుంఠ ఏకాదశి నాడు పెద్దవాళ్లతో వెళ్లే ఆలోచన మానుకోండి. మేం వెళ్లిన 2025లో అది డిసెంబరు 30న పడింది, మేం ముందే దర్శనం చేసుకుని బయటపడ్డాం.

గది కోసం ఇలా చేయండి. వెబ్‌సైట్‌లో చూసిన రేటుని నమ్మకుండా హోటల్‌కి నేరుగా ఫోన్ చేసి, పన్నుతో కలిపి ఎంతో వాట్సాప్‌లో రాసి పంపమనండి. వేడినీళ్లు ఎన్నింటికి వస్తాయో అడగండి. లిఫ్టు పనిచేస్తోందో అడగండి. రాసి ఇవ్వనంటే ఆ చోటు వదిలేయండి. మైలాపూరు ఇళ్లలో గదులు కావాలంటే కార్తీకమాసం దాటకముందే పట్టుకోవాలి, తర్వాత దొరకవు.

మా ఫిర్యాదు మీద హోటల్‌వాళ్లు జీఎస్టీ ఎక్కువ తీసుకున్నది మాత్రం వెనక్కి వేశారు. రోజుకు 1,400 చొప్పున పెంచి తీసుకున్నది ఇంకా ఇవ్వలేదు. మా ఆయన వారం వారం ఫోన్ చేస్తూనే ఉన్నారు, వదిలేది లేదంటున్నారు.