మనాలీ–లేహ్ దారిలో రాత్రి బస ఎక్కడ?

మనాలీ నుంచి లేహ్‌కు దాదాపు 430 కిలోమీటర్లు. ఒక్క రోజులో చేర్చేస్తామనే టాక్సీలున్నాయి. వాటి జోలికి పోవద్దు. అంత ఎత్తుకు ఒళ్లు అలవాటుపడాలంటే మధ్యలో ఒక రాత్రి ఆగాల్సిందే.

నన్నడిగితే జిస్పాలో ఆగమంటాను. భాగా నది ఒడ్డున, 3,200 మీటర్ల ఎత్తులో ఉన్న చిన్న ఊరు. మాకు దొరికిన గది సాదాసీదాగానే ఉంది. కానీ అడిగిన వెంటనే బకెట్టు వేడినీళ్లు తెచ్చిచ్చారు, పొగలు కక్కే రాజ్మా, అన్నం పెట్టారు, హాయిగా నిద్రపట్టింది. చాలా ప్యాకేజీల్లో మాత్రం బస సర్చూ గుడారాల్లో ఉంటుంది. అది సుమారు 4,290 మీటర్ల ఎత్తు! మర్నాడు మేము టీ కోసం అక్కడ ఆగితే, రాత్రంతా వాంతులతో వేగిపోయిన ఒక కుటుంబం కనిపించింది. గుడారానికి మా గదికన్నా ఎక్కువే తీసుకున్నారు, ఆక్సిజన్ సిలిండరు మాత్రం లేదు. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవారు ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి.

2020 అక్టోబరులో 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక రోహతాంగ్ కనుమ ఎక్కే బాధ తప్పింది. తండి బంకులో ట్యాంకు నిండుగా పోయించుకోండి. దార్చా దాటాక అసలు పరీక్ష మొదలవుతుంది. జింగ్‌జింగ్‌బార్ ప్రాంతంలో మంచు కరిగిన నీళ్లు రోడ్డు మీదుగానే పారతాయి. ఎండ ముదిరేకొద్దీ ఉధృతి పెరుగుతుంది కనుక పొద్దున్నే దాటేయాలి. గాటా లూప్స్ 21 మలుపులూ ఎక్కి, పాంగ్ కూడా దాటితే మోరే మైదానం. ఎత్తు 4,700 మీటర్ల పైమాటే అయినా నేల చాప పరిచినట్టుంటుంది. అక్కడ బండి ఆపి ఎంతసేపు నిలబడ్డా తనివి తీరలేదు.

శీతాకాలమంతా మంచు కింద ఉండే ఈ దారిని ఏటా తవ్వి తెరిచేది సరిహద్దు రహదారుల సంస్థ. ఈ దారిలోని తంగ్‌లాంగ్ లా కనుమ 5,328 మీటర్ల ఎత్తున ఉంది. నాలుగడుగులు వేస్తే మనకు ఆయాసం వస్తుంది, అలాంటి చోట్ల కూలీలు రాళ్లు కొడుతున్నారు, తారు పోస్తున్నారు. వాళ్లలో జార్ఖండ్‌లోని దుమ్‌కా నుంచి వచ్చేవారు ఎందరో. దారి పక్కన వాళ్లు ఉండే పల్చటి గుడారాలు చూసి మనసు చివుక్కుమంది. ఇంత దారిని నిలబెడుతున్నవారికి వెచ్చటి బస, మంచి బూట్లు ఇవ్వడం కనీస న్యాయం. పని జరుగుతున్న చోట బండి నెమ్మదిగా పోనివ్వండి, ఆ దుమ్మంతా వాళ్ల ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

మన ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ కావాలి. నెల మీ చేతిలో ఉంటే సెప్టెంబరు ఎంచుకోండి, వాగుల ఉధృతి అప్పటికి తగ్గుతుంది.